మూడు గ్రాముల ప్రయాణికులు

ఈ సెప్టెంబరు సంచిక మీ చేతికి అందేసరికి న్యూజెర్సీ, వర్జీనియా పెరళ్లలో మగ హమ్మింగ్‌బర్డ్‌లు చాలావరకు దక్షిణానికి వలస వెళ్లిపోయి ఉంటాయి. మెడ కింద కెంపురంగు మెరిసేది వాటికే. ఇప్పుడు వాటి కోసం వేలాడదీసిన చక్కెర నీళ్ల సీసా దగ్గర కొట్లాడుకునేవి ఆడపిట్టలూ, ఈ ఏటి పిల్లలూ. కొట్లాట అని ఊరికే అనలేదు. సీసాకి నాలుగు రంధ్రాలున్నా ఒక్క పిట్టే కాపలా కాస్తుంది; రెండోది దగ్గరకొస్తే చిట్‌చిట్‌మంటూ కంచె దాకా తరిమి మరీ వస్తుంది.

మామూలుగా మూడు గ్రాములుండే పిట్ట ఈ రోజుల్లో కొవ్వు పెంచుకుని దాదాపు రెట్టింపవుతుంది. కొన్ని టెక్సాస్ తీరం వెంట చుట్టూ తిరిగి వెళ్తాయి. కొన్ని మాత్రం గల్ఫ్ ఆఫ్ మెక్సికో మీదుగా సుమారు 800 కిలోమీటర్లు ఎక్కడా వాలకుండా దాటేస్తాయి. పిల్లలకు దారి చూపే పెద్దలుండరు. తొలి ప్రయాణమే ఒంటరి ప్రయాణం!

సీసా తీసేయకపోతే ఇక్కడే ఉండిపోతాయేమోనని చాలామందికి అనుమానం. ఉండిపోవు. పగటి పొద్దు తగ్గడమే వాటికి కబురు. ఉత్తరం నుంచి ఆలస్యంగా దిగే పిట్టలకు మీ సీసా దారిలో పూటకూళ్ల ఇల్లు. ఒక పాలు చక్కెరకు నాలుగు పాళ్లు నీళ్లు. ఎర్రరంగు వద్దు, తేనె అసలే వద్దు. ఎండగా ఉంటే రెండు రోజులకోసారి కడిగి మార్చండి. ఆఖరి పిట్ట కనిపించాక కూడా ఓ రెండు వారాలు సీసాను అలాగే ఉంచండి.