పురిటింటి తర్కము

తర్కమనఁగా సభలలోఁ బండితులు చేయు వాగ్వాదమనియు, గృహస్థులకు దానితోఁ బనిలేదనియు మనలో ననేకులు తలంచుచున్నారు. అది పొరపాటు. తర్కము మన యిండ్లలోఁ బ్రతిదినమును నడచుచునే యున్నది. ఏతీరున నడచుచున్నదో చూడఁగోరువారు పురిటింటి గుమ్మముకడ నొక గడియ నిలువవలెను. "బాలింతకు దాహమీయరాదు, ఒడలు నీరుపట్టును" అని పెద్దముత్తైదువ యాజ్ఞాపించును. ఈ యాజ్ఞ నేఁటికిని గొన్ని యిండ్లలో వినఁబడుచున్నది. కారణమేమని యడిగినచో సమాధానములు రెండు సిద్ధముగా నుండును. బాలింతలకెల్ల నీరు విరోధి, ఈమె బాలింత, కావున నీమెకు నీరు విరోధి యనుట మొదటిది. "నేను తొమ్మండ్రను గంటిని, మా యత్తగారు పదునొకండుగురను గన్నారు, మేమందఱము దాహమున కోర్చియే బ్రదికితిమి" అనుట రెండవది. మొదటిది సామాన్యనియమమునుండి విశేషమునకు దిగివచ్చుట. దీనిని నిగమన మందురు. రెండవది విశేషములను గూర్చుకొని సామాన్యనియమమున కెక్కుట. దీని నాగమన మందురు. ముత్తైదువ కీ పేర్లు తెలియవు గాని రెండు శస్త్రములను గూడఁ బ్రయోగించుచునే యున్నది.

ఈ రెంటినిగూర్చి మన విద్యావంతులలో నొక వాదము ప్రబలియున్నది. నిగమనము ప్రాచ్యుల సొత్తఁట! ఆగమనము పాశ్చాత్యుల సొత్తఁట! మనవారు సూత్రములు వల్లించుచుఁ గూర్చుండఁగా వారు ప్రపంచమును బరిశీలించి యభివృద్ధి నొందిరఁట! కొందఱీ మాట సిగ్గుతోఁ జెప్పుదురు. మఱికొందఱు, మా సూత్రము లార్షములు, వానికిఁ బరీక్ష యక్కఱలేదని గర్వముతోఁ జెప్పుదురు. ఇరుతెఱఁగులవారును మన న్యాయశాస్త్రము నెఱుఁగరని నా యభిప్రాయము.

కొండపైఁ బొగఁ జూచి నిప్పున్నదని యూహించు నుదాహరణ మెల్లరు వినినదే. ఆ యనుమానమునకు నైయాయికుఁడు ప్రతిజ్ఞ, హేతువు, ఉదాహరణము, ఉపనయము, నిగమనము అని యైదవయవములు చెప్పును. అందు మూఁడవదానిని గమనింపుఁడు. పొగయున్నచోట నిప్పుండునని నియమమును మాత్రము చెప్పి తప్పించుకొనుటకు వీలులేదు. వంటింటియందువలె నని, చూచిన చోటొకటి చూపవలయును. ఆ నియమమునకు వ్యాప్తి యని పేరు. దానిని మాటిమాటికిఁ జూచుటచేతను, తప్పినచోటు గానరాకుండుటచేతను గ్రహింపవలెనని శాస్త్రము. అంతటితో విడువక, నిప్పున్నచోటనెల్లఁ బొగయుండునా యని తిరుగవేసి యడిగి, యెఱ్ఱఁగాఁ గాలిన యినుపగుండు నెదుటఁ బెట్టి, యుండదని చూపుదురు. పొగ పుట్టుటకు నిప్పొక్కటియే చాలదు, తడికట్టెయుఁ గావలెను. ఇట్లు చాటున దాఁగియుండు నిబంధన కుపాధి యని పేరు. ఇది పరీక్ష గాక మఱేమి? నిగమనము గడపలోపల నడుగిడుటకు ముందే యాగమనము వచ్చి కూర్చున్నది. (పొగలన్నిటిని జూచినవాఁ డెవ్వఁడని చార్వాకుఁ డడిగిన ప్రశ్న నిలిచియే యున్నది. హ్యూమను స్కాట్లండు దేశీయుఁడు 1739లో నట్టి సందేహమునే లేవఁదీసెను. దానికి సంపూర్ణమైన సమాధాన మింతవఱకు నెవ్వరును జెప్పలేదు. కావుననే నియమముల నెప్పుడును దిరుగఁ బరీక్షించుచుండవలెను.)

ఇఁక నాగమన మొక్కటియే శాస్త్రమని నమ్మువారి కొక పురిటింటి చరిత్రమే చెప్పెదను. వియన్నా నగరపుఁ బెద్ద యాసుపత్రిలో రెండు పురుటిశాల లుండెను. మొదటిదానియందు వైద్యులును వైద్యవిద్యార్థులును, రెండవదానియందు మంత్రసానులును బనిచేయుచుండిరి. 1846వ సంవత్సరమున మొదటిశాలలో నూటికిఁ బదునొకండుగురకుఁ బైగా బాలింతలు సూతికాజ్వరముచే మరణింపఁగా, రెండవశాలలో నూటికి ముగ్గురైనను మరణింపలేదు. మొదటిశాలకుఁ బంపవలదని గర్భిణులు మోకరించి వేఁడుకొనుచుండిరి. హంగెరీదేశీయుఁడగు సెమ్మెల్వైసు అను యువవైద్యుఁ డా శాలలోఁ బనిచేయుచు దీని కారణమును వెదకఁ దొడంగెను.

అతఁడు లెక్కలు పోగుచేయుటతోనే తృప్తినొందలేదు. ప్రతి యూహను బట్టుకొని, యిది నిజమైనచో నేమి జరుగవలెనని నిగమించెను. గాలిదోషమే కారణమైనచో రెండుశాలలును సమముగా బాధపడవలెను, పడలేదు. జనసమ్మర్దమే కారణమైనచో నెక్కువ క్రిక్కిఱిసిన రెండవశాలలో మరణములు హెచ్చవలెను, హెచ్చలేదు. మరణాసన్నులకడకుఁ బోవు మతాచార్యుని గంటచప్పుడునకు బాలింతలు భయపడుచున్నారనిరి; గంట మాన్పించెను, మరణములు మానలేదు. 1847లో నతని మిత్రుఁడగు కొల్లెచ్కా శవపరీక్ష చేయించునపుడు విద్యార్థి చేతికత్తి తగిలి, యా బాలింతల లక్షణములతోనే మరణించెను. శవములను గోసిన చేతులతోనే వైద్యులు పురుటిశాలకు వచ్చుచున్నారు గదా! ఆ చేతుల కంటిన పదార్థమే కారణమైనచో దానిని నశింపఁజేసినప్పుడు జ్వరము తగ్గవలెను. ఆ మే నెలలోఁ జేతులను సున్నపు క్లోరైడు నీటితోఁ గడుగవలసినదని నిర్బంధించెను. ఏప్రిలులో నూటికిఁ బదునెనిమిదిగా నున్న మరణములు జూనునాఁటికి రెండు ప్రాంతమునకు దిగెను.

అయినను దన నియమము సంపూర్ణమని యతఁ డనుకొనుటకు వీలులేకపోయెను. అక్టోబరులో గర్భాశయవ్రణముగల యొక స్త్రీని బరీక్షించిన చేతులు సబ్బుతో మాత్రము కడుగుకొని తక్కిన పండ్రెండుగురను బరీక్షింపఁగా, వారిలోఁ బదునొకండుగురు మరణించిరి. శవపదార్థ మొక్కటియే కాదు, సజీవదేహములోని చీమునెత్తురులును విషమేయని నియమమును దిద్దుకొనవలసివచ్చెను. ఆ పదునొకండుగురు తల్లులు తల్లులుగానే మిగిలియుండిన నెంత బాగుండెడిది!

ప్రతిపక్షుల తర్కమును జూడుఁడు. పెద్దమనుష్యుల చేతులు శుభ్రమైనవి, వైద్యులు పెద్దమనుష్యులు, కావున వైద్యుల చేతులు శుభ్రమైనవి యను తీరున ఫిలడెల్ఫియా నగరపు వైద్యాచార్యుఁడు మీగ్సు వాదించెను. ఈ వాక్యమునఁ గట్టుబాటులో దోషమేమియు లేదు! వ్యాప్తియే యబద్ధము. సెమ్మెల్వైసు 1865లో నొక పిచ్చియాసుపత్రిలో మరణించెను.

మన ముత్తైదువ నిగమన మీ మీగ్సు నిగమనమున కేమియుఁ దీసిపోదు. ఆమె యాగమనమో యంతకన్న దుర్బలము. బ్రదికినవారే వచ్చి, మేము బ్రదికితిమని సాక్ష్యము చెప్పుచున్నారు. మరణించినవారెవ్వరు వచ్చి యా పీఁటపైఁ గూర్చుందురు? వారి మరణములకు దృష్టిదోషము, గ్రహపాటు అని వేఱు పద్దులు వ్రాయఁబడియున్నవి. ముఱ్ఱుపాల కథయు నిట్టిదే. శిశువునకు రోగములనుండి మొదటి రక్షణమైన యా పాలను జెడ్డవని పిండి పాఱఁబోయు నాచార మెందఱి యిండ్లలో నుండలేదు? "పాఱఁబోసియే పెంచితిమి" అందురు. పెరుగనివారి మాట యెవ్వరు చెప్పుదురు? పాలిచ్చు తల్లికి నీరెక్కువ కావలెనని వైద్యులందఱు నెఱిఁగియున్నారు. దాహము నణఁచుటవలన మేలు జరిగినట్లు చూపినవారు లేరు.

పెద్దల యనుభవమును దృణీకరింతువా యని నన్నడుగుదురు. తృణీకరింపను. పురిటింటిలోనికిఁ బరులను రానీయని నియమము బాలింతను శిశువును గొన్ని యంటురోగములనుండి కాపాడియే యుండును; కాపాడినదని లెక్కవలనఁ దేలినచో నుంచుకొందము. నే నడుగునది లెక్క మాత్రమే.

కాని యీ లెక్కను దాహముతో నాలుక యెండుచున్న కోడలే యడిగినచో నేమగునో యందఱెఱిఁగినదే. ఉదాహరణ మేది యని యడిగిన నైయాయికునకు శాలువ కప్పుదురు. ఆమెకుఁ బొగరుఁబోతని పేరు. అప్పుడు తర్కశాస్త్రమునఁ బట్టము పొందిన యామె భర్త వీధియరుగుమీఁదఁ బత్రిక చదువుకొనుచు, లోపలి మాటలు విననట్లే కూర్చుండియుండును.