గ్లాసు కొలత, కిలో తూకం: ఫిత్రా బియ్యం లెక్క

రమజాన్ చివరి దినాలు రాగానే మన వంటిళ్లలో రెండు కొలతలు మొదలవుతాయి. ఒకటి పండుగ వంటకు, రెండవది ఫిత్రా దానానికి. మొదటిదానిలో పొరపాటు జరిగితే హల్వా గట్టిపడుతుంది. రెండవదానిలో జరిగితే పేదవాని హక్కు తరిగిపోతుంది.

దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) ఇంట్లోని పిన్నాపెద్దలందరి తరఫున తలకు ఒక 'సా' చొప్పున ఖర్జూరాలో, యవలో ఫిత్రాగా ఇవ్వాలని, పండుగ నమాజుకు వెళ్లకముందే ఇవ్వాలని ఆదేశించినట్లు ఇబ్నె ఉమర్ (రజి) ఉల్లేఖనం బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉంది. నాలుగు 'ముద్'లు ఒక సా. సగటు మనిషి రెండు చేతులూ కలిపి పట్టిన దోసెడే ముద్. అంటే సా తూనికరాయి కాదు, మన మానిక వంటి కొలపాత్ర. అదే పాత్రలో ఖర్జూరాలు ఒక బరువు, బియ్యం మరొక బరువు తూగుతాయి. సా పరిమాణం విషయంలోనూ ఇమాముల మధ్య అభిప్రాయభేదం ఉంది. గోధుమలైతే అర సా చాలునని హనఫీ ధర్మవేత్తలు, ఏ ఆహారధాన్యమైనా పూర్తి సా ఇవ్వాలని తక్కిన మూడు మజ్‌హబ్‌ల వారు అన్నారు. కనుక మీ మస్జిదు ఇమాము ప్రకటించిన కిలోలనే పాటించండి. ఆ కిలోలను ఇంట్లో సరిగా కొలవడమే మన బాధ్యత.

ఏలూరు, తాడేపల్లిగూడెం పరిసరాలలో, కొల్లేటి లంక గ్రామాలలో మన పెద్దలకు ఇది కొత్త సంగతి కాదు. రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, నాలుగు మానికలు ఒక కుంచం. తలకొట్టి కొలిచిన మానిక వేరు, రాశిపోసి కొలిచిన మానిక వేరు. 1956 నాటి తూనికలు, కొలతల చట్టం తరువాత అంగళ్లు కిలోలకు మారాయి. వంటింట్లో మాత్రం గ్లాసే మిగిలింది.

250 మిల్లీలీటర్ల గ్లాసులో పావు కిలో పడుతుందని చాలామంది నమ్ముతారు. అది నీటికే వర్తిస్తుంది. గింజల నడుమ గాలి ఉంటుంది కనుక అదే గ్లాసుకు బియ్యం సుమారు 200 గ్రాములు, బొంబాయి రవ్వ 170, మైదా 130 గ్రాములే తూగుతాయి. మైదాను అదిమి నింపితే బరువు పెరుగుతుంది, జల్లించి పోస్తే తగ్గుతుంది. లావు స్వర్ణ బియ్యానికీ, పొడవాటి బాస్మతికీ కూడా కొంత తేడా రావచ్చు.

ఇప్పుడు లెక్క చూడండి. తలకు రెండున్నర కిలోల బియ్యమని ప్రకటించారనుకుందాం. ఒక ఇల్లాలు పావు కిలో గ్లాసనే నమ్మకంతో తలకు పది గ్లాసులు పోసింది. నిజానికి పోసింది రెండు కిలోలు. ఐదుగురున్న ఇంట్లో తరిగింది రెండున్నర కిలోలు, అంటే సరిగ్గా ఒక మనిషి ఫిత్రా! ఆమె మనసులో మోసం లేదు, గ్లాసుపై నమ్మకం మాత్రమే ఉంది.

దీనికి ఇంట్లో త్రాసు కూడా అక్కరలేదు. సీలు విప్పని కిలో బియ్యం ప్యాకెట్టు తెచ్చి, మీ గ్లాసుతో అంచుకు తలకొట్టి ఎన్ని గ్లాసులో లెక్కించండి. ఐదు వస్తే మీ గ్లాసు 200 గ్రాములు. బియ్యం రకం మారితే మళ్లీ చూడండి. రవ్వకు, పంచదారకు కూడా ఇలాగే చూసి, ఆ అంకెలను అల్మారా తలుపుపై రాసి ఉంచండి. షీర్ ఖుర్మాకూ అవే పనికివస్తాయి. ఫిత్రా కొలిచేటప్పుడు మాత్రం చివర ఒక గుప్పెడు అదనంగా వేయండి.

తాము తీసుకునేటప్పుడు నిండుగా కొలిపించుకొని, ఇతరులకు కొలిచినా, తూచినా తగ్గించి ఇచ్చేవారిని సూరా ముతఫ్ఫిఫీన్ తీవ్రంగా హెచ్చరించింది. ఆ హెచ్చరిక వర్తకులకే అనుకొని మనం తప్పుకోలేము. ఇచ్చే చెయ్యి ఎవరిదైనా, కొలత నిండుగా ఉండాలి.

అల్లాహ్ మన ఉపవాసాలను, దానాలను స్వీకరించుగాక! ఆమీన్.