సారు మీటింగుకు పోయిండు

ఇబ్రహీంపట్నము మండలములోని ఏ పల్లెకైనను నెలలో ఒకానొక మధ్యాహ్నము వెళ్ళి, ప్రాథమిక పాఠశాల వాకిట నిలిచి, ఉపాధ్యాయుడెక్కడ అని అడిగినచో, అరుగుమీది వృద్ధుడైనను, గేటు పట్టుకొని ఊగుచున్న పిల్లవాడైనను చెప్పు సమాధానము ఒక్కటే: "సారు మీటింగుకు పోయిండు." ఆ మాటలో కొంత నిరాశయు, కొంత అనుమానమును ధ్వనించును. ఆ మీటింగు ఎట్టిది, అక్కడ ఎవరేమి నేర్చుకొందురు, నేర్చినది మరునాడు ఏ పిల్లవాని పలకమీద ఎట్లు తేలును అను విచారణ ఊరిలో చేయువారు అరుదు. సముద్రములకావల నున్న మనలో మరింత అరుదు. ఈ సంచిక సంపాదకీయమును ఆ మీటింగునకే కేటాయించుచున్నాము.

బిడ్డలను అమెరికా ప్రభుత్వ పాఠశాలలకు పంపు మన పాఠకులకు ఒక అనుభవము సుపరిచితము. ఆ దేశమున సుమారు 13 వేల స్కూల్ డిస్ట్రిక్టులు కలవు. విద్యాసంవత్సరారంభమున చేతికందు క్యాలెండరులో కొన్ని తేదీలను వేరొక రంగులో అచ్చువేసి, ఆనాడు పిల్లలకు సెలవు, ఉపాధ్యాయులకు చదువు అని ముందుగనే తెలియజేయుదురు. కొత్తగా చేపట్టిన పఠన పద్ధతి యేమో, గణితబోధనలో వచ్చిన మార్పు ఎట్టిదో వివరించుచు ఇంటికి జాబులు పంపుదురు. ఆ దినము బిడ్డలను ఎవరియొద్ద విడువవలెనని మనము సతమతమగుదుమే కాని, ఉపాధ్యాయుడు నేర్చుకొనుటకు ఒక దినమెందుకని ఎన్నడును అడుగలేదు. అక్కడి టీచరునకు మనము మనఃపూర్వకముగా ఒప్పుకొన్న ఆ హక్కును, మనకు అక్షరాభ్యాసము చేయించిన సారునకు ఒప్పుకొంటిమా అనునదే నన్ను కొంతకాలముగా కలతపెట్టుచున్న ప్రశ్న.

ఇబ్రహీంపట్నము హైదరాబాదునకు ఇంచుమించు 30 కిలోమీటర్ల దూరమున, నాగార్జునసాగరు రోడ్డుమీద, పెద్దచెరువును ఆనుకొని యున్న పట్టణము. మనలో ఎందరికో ఆ ప్రాంతమిప్పుడు ప్లాట్ల పత్రముల ద్వారా పరిచయము. ఆదిభట్ల యందలి సాఫ్టువేరు, విమాన పరిశ్రమలును, బొంగుళూరు కడ ఔటర్ రింగు రోడ్డును, 2022లో కొంగరకలాన్‌లో ప్రారంభమైన జిల్లా కలెక్టరేటును అచటి నేల విలువను మన యూహకందనంత పెంచినవి. పొలము అమ్ముకొన్నవారి పిల్లలు పసుపుపచ్చని బస్సులెక్కి ప్రైవేటు బడులకు పోవుచుండగా, సర్కారు బడిలో మిగిలినది కూలికుటుంబముల బిడ్డలు, పాలమూరు వైపునుండి పనికి వలస వచ్చినవారి బిడ్డలు, ఇంట చదువు చెప్పు దిక్కు లేని బిడ్డలు. వీరికి ఉపాధ్యాయుడు చెప్పినదే చదువు. ఆయనకు రానిది వారికెన్నటికిని రాదు. కావుననే ఆయన నేర్చుకొనుట తక్కిన చోట్లకంటె ఇక్కడ మిక్కిలి ముఖ్యము.

సారు పోవు మీటింగు, చుట్టుపట్ల బడుల ఉపాధ్యాయులు ఒక ఉన్నత పాఠశాలలో కూడు 'కాంప్లెక్సు' సమావేశము. గత స్వదేశయాత్రలో అట్టిదొకదానిలో ఒక పూట వెనుక బెంచీమీద కూర్చుండు భాగ్యము నాకు లభించినది. ఉన్నత పాఠశాలలోని ఒక తరగతిగది. చుట్టుపట్ల ప్రాథమిక పాఠశాలలనుండి వచ్చిన ఉపాధ్యాయులు పిల్లల బెంచీలలోనే మోకాళ్ళు ముడుచుకొని కూర్చుండిరి. మొదటి గంట యంతయు సర్క్యులర్ల పఠనముతో గడచినది. తరువాత ఒక యువ ఉపాధ్యాయిని లేచి, నల్లబల్లమీద 52లోనుండి 27 తీసివేయు లెక్క వేసి, దాని క్రింద తన మూడవ తరగతి పిల్లవాడొకడు వ్రాసిన జవాబును యథాతథముగా వ్రాసినది: 35. గదిలో కొందరు నవ్విరి. ఆమె నవ్వలేదు. "పిల్లడు తప్పు చెయ్యలేదు సార్, మనం చెప్పిందే చేసిండు. పెద్దదాంట్లకెల్లి చిన్నది తియ్యాలె అని ఒకటో తరగతి నుంచి చెప్పింది మనమే గదా. ఏడు పెద్దది, రెండు చిన్నది, ఏడుల రెండు తీసి ఐదు రాసిండు" అనెను. అంతటితో గది నిశ్శబ్దమైనది.

పిమ్మట ఆమె సంచిలోనుండి చీపురుపుల్లలు తీసి, పదేసి చొప్పున రబ్బరుబ్యాండు వేసిన ఐదు కట్టలను, రెండు విడి పుల్లలను తల నెరసిన ఒక సీనియరు ఉపాధ్యాయుని చేతబెట్టి, "మీరు పిల్లడనుకోండి సార్, నాకు ఇరవై ఏడు పుల్లలు ఇయ్యుండ్రి, ముందు ఏడు ఇయ్యుండ్రి" అని అడిగినది. ఆయన విడి పుల్లలను చూచెను, రెండే. ఒక క్షణము తటపటాయించిన మీదట ఆయన వ్రేళ్ళు తమంతట తామే ఒక కట్టమీదికి పోయి రబ్బరును ఊడదీసినవి. "గా రబ్బరు ఊడదీసుడే పాఠం సార్, ఇంకేం లేదు" అని ఆమె పలికినది. విడి పుల్లలు పండ్రెండైనవి. ఏడిచ్చిన ఐదు మిగిలినవి. కట్టలు నాలుగింట రెండిచ్చిన రెండు మిగిలినవి. ఇరువది యైదు.

నా బాల్యమున ఇదే లెక్కను "పక్కింటికి పోయి ఒకటి అప్పు తెచ్చుకో" అని నేర్పిరి. తెచ్చిన ఒకటి నా యింటికి రాగానే పదియెట్లైనదని అడిగినందుకు బెత్తము దెబ్బ తింటిని. పిదప ఎన్నియో పరీక్షలు గట్టెక్కితిని, పెద్ద పెద్ద లెక్కలు చేయు కొలువు చేసితిని. కాని ఆ ఒకటి పదియైన వైనము నా కన్నుల యెదుట విప్పుకొన్నది ఆ చీపురుపుల్లల కట్టలో, అంత వయసున, ఆ వెనుక బెంచీమీదనే. నన్ను కొట్టిన గురువుపై నాకు కోపము లేదు. ఆయనకు పుల్లల కట్ట చూపినవారెవ్వరును లేరు.

ఈ కాంప్లెక్సు ఏర్పాటు నిన్న మొన్నటిది కాదు. ఒక ఉన్నత పాఠశాల చుట్టును ఉన్న చిన్న బడులన్నిటిని ఒక కుటుంబముగా కూర్చవలెనను తలంపు 1964-66 నాటి కొఠారీ కమిషనుది. 1986 జాతీయ విద్యావిధానము ననుసరించి జిల్లా కొక విద్యాశిక్షణ సంస్థ, అనగా డైట్, వెలసినది; రంగారెడ్డి జిల్లాకు అది వికారాబాదులో ఏర్పడినది. జిల్లాకు తూర్పున ఇబ్రహీంపట్నము, పడమట వికారాబాదు, నడుమ మహానగరము. 2016లో జిల్లాలను విభజించినప్పుడు వికారాబాదు వేరొక జిల్లాకు కేంద్రమైనది. శిక్షణాలయము ఒక దిక్కున, నేర్చుకొనవలసినవారు మరియొక దిక్కున ఉన్నప్పుడు, నడచి పోదగిన దూరములోని కాంప్లెక్సు సమావేశమే వారికి కళాశాల. బ్రిటన్ ప్రభుత్వ సహాయముతో 1980ల నుండి ఉమ్మడి రాష్ట్రమున నడచిన ప్రాథమిక విద్యా పథకము ఆరు సూత్రములను ఉపాధ్యాయుల నోట నానించినది. చేసి నేర్చుకొనుట, పరిసరములను పాఠమునకు వాడుట, పిల్లలు చేసినవాటిని గోడలపై ప్రదర్శించుట వానిలోనివి. 2022లో తెలంగాణ ప్రభుత్వము ప్రాథమిక తరగతులకు ప్రారంభించిన 'తొలిమెట్టు' కార్యక్రమము, చదువుట, వ్రాయుట, లెక్కించుట యను మూడింటిని ప్రతి బిడ్డకును పట్టుబడునట్లు చేయుటకు ఉద్దేశింపబడినది. ఆ చీపురుపుల్లల కట్టకు వంశవృక్షము వ్రాసినచో అది ఇంత దూరము పోవును.

రంగారెడ్డి జిల్లా ఉపాధ్యాయులకు ఇట్లు నేర్చుకొను విషయమున ఒక ప్రత్యేక చరిత్రయు కలదు. ఎం.వి. ఫౌండేషన్ అను స్వచ్ఛంద సంస్థ 1991లో శంకర్‌పల్లి ప్రాంతమున బాలకార్మికులను పని మాన్పించి బడికి తెచ్చు కృషిని ఆరంభించినప్పుడు, పశువుల కాపరులుగను, జీతగాండ్రుగను పెరిగిన పదేండ్ల, పండ్రెండేండ్ల పిల్లలు ఓనమాలకై తరగతిలో కూర్చుండిరి. వారికి ఆరేండ్ల బిడ్డకు చెప్పినట్లు చెప్పుట కుదరదు. సర్కారు ఉపాధ్యాయులు తమ విద్యను తాము మరల నేర్చుకొనవలసివచ్చినది. నేర్చుకొనుటయే కాక, బాలకార్మిక విమోచన వేదిక యను పేర సంఘటితులై ఇంటింటికి తిరిగి తలిదండ్రులతో వాదించిరి. ఆ ఉద్యమమునకు నాయకత్వము వహించిన శాంతా సిన్హాకు 2003లో మెగసెసే పురస్కారము లభించినది. ఆమె పేరు మనకు తెలియును. ఆ ఉపాధ్యాయులలో ఒక్కరి పేరైనను మన పత్రికలో ఎన్నడు అచ్చుకాలేదు.

నేటి పరిస్థితి మరింత విచిత్రము. 2024లో తెలంగాణలో 11,062 ఉపాధ్యాయ ఖాళీలకు ప్రకటన వెలువడి, ఆ సంవత్సరాంతము నాటికి వేలాది యువతీయువకులు బడులలో చేరిరి. వీరికి పోటీపరీక్షల విద్య పుష్కలము. ఐదు తరగతులను ఒక్క గదిలో కూర్చుండబెట్టి నడుపు విద్య ఎవరును వీరికి నేర్పలేదు. మరియొక వంక, 2025 సెప్టెంబరు 1వ తేదీన సుప్రీంకోర్టు, పదవీ విరమణకు ఐదేండ్లకు మించి గడువున్న ఉపాధ్యాయులు రెండేండ్లలో ఉపాధ్యాయ అర్హత పరీక్షయైన టెట్‌లో ఉత్తీర్ణులు కావలెనని తీర్పు చెప్పినది. ఇరువదియేండ్లకు పైగా పాఠములు చెప్పినవారు సాయంత్రము కళ్ళజోడు సవరించుకొని, కళాశాలలో చదువు కూతురి ప్రక్కన కూర్చుండి బిట్లు వల్లించుచున్నారు. కొత్తవారికి అనుభవము కావలెను, పాతవారికి కొత్త సిలబసు కావలెను. ఈ రెండు కొరతలును ఒకదానినొకటి తీర్చుకొనదగిన స్థలము ఆ కాంప్లెక్సు గది యొక్కటే.

అరుగుమీది వృద్ధుని అనుమానము అకారణమైనదని నేననను. నేను చూచిన పూటలోనే మొదటి గంట కాగితముల పాలైనది. అనేక సమావేశములలో రెండవ గంటయు అట్లే పోవునని ఉపాధ్యాయులే వాపోయిరి. ఒకే ఉపాధ్యాయుడున్న బడి ఆయన మీటింగునకు పోయిన పూట మూతపడును. జనగణన, విపత్తులు, ఎన్నికలు తప్ప ఇతర పనులకు ఉపాధ్యాయులను వాడరాదని 2009 విద్యాహక్కు చట్టము శాసించుచుండగా, 2024 నవంబరులో రాష్ట్ర ప్రభుత్వపు ఇంటింటి సర్వేకు ప్రాథమికోపాధ్యాయులను నియోగించి బడులను ఒంటిపూట నడిపిరి. ఏడాదికి కనీసము 50 గంటలు ప్రతి ఉపాధ్యాయుడును తన వృత్తివిద్యను పెంచుకొనవలెనని 2020 జాతీయ విద్యావిధానము కోరుచున్నది. సర్క్యులర్ల పఠనమును ఆ గంటలలో జమకట్టినచో అది పిల్లలకు చేసిన ద్రోహమే యగునని నా నిశ్చితాభిప్రాయము.

మన తప్పును గూడ ఒప్పుకొనవలెను. కొన్నియేండ్ల క్రితము మన సభ్యుల విరాళములతో ఒక పల్లె బడికి కంప్యూటర్లు కొనియిచ్చితిమి. దాతల పేర్లతో పాలరాతి ఫలకము నిలిపితిమి, ఫొటోలు అచ్చువేసితిమి. రెండేండ్ల తరువాత చూడబోయినప్పుడు అవి పూలగుడ్డల క్రింద, బీరువా ప్రక్కన, త్రాళ్ళు చుట్టినవి చుట్టినట్లుగనే యున్నవి. వానిని వాడుట నేర్పుటకు మనలో నొక్కరును ఒక్క దినమైనను అక్కడ కూర్చుండలేదు. పరికరము నిచ్చితిమి, పాఠము నియ్యలేదు. ఆ నేరము ఉపాధ్యాయులది కాదు.

విదేశములలో తెలుగు నేర్పు మన స్వచ్ఛంద ఉపాధ్యాయులకు ఈ కష్టము కొంత తెలియును. 2007లో సిలికానాంధ్ర ఆరంభించిన మనబడి మొదలు, ఊరూర వారాంతపు తరగతులు నడుపు తల్లులు, తండ్రులు, ళ కారమునకు ల కారమునకు భేదము బిడ్డ నోట పలికించుటకై ఎన్ని యుపాయములు పన్నుదురో నేనెరుగుదును. ఆ యుపాయములు ఇబ్రహీంపట్నపు గదికి చేరవలెను. అక్కడి చీపురుపుల్లలు మన తరగతులకు రావలెను.

ఈ సంచికనుండి 'బడి కబురు' అను శీర్షికను ప్రారంభించుచున్నాము. బడులకు ఎవరేమి దానము చేసిరను వార్తలు అందుండవు. ఇబ్రహీంపట్నము ప్రాంతపు ఉపాధ్యాయులు ఆ నెలలో ఏమి నేర్చుకొనిరి, ఏది ఫలించినది, ఏది విఫలమైనది అనునవి వారి మాటలలోనే యుండును. తొలి కబురుగా ఆ తీసివేత లెక్కను బొమ్మలతో ప్రచురించితిమి. సెలవులకు స్వస్థలమునకు పోవు సభ్యులకు ఒక్క మనవి: ప్లాటు చూచుకొని తిరిగివచ్చు దారిలో మీ ఊరి బడికి పోయి, తరువాతి కాంప్లెక్సు సమావేశము ఏ తేదీన, ఏ బడిలో అని కనుగొని, ప్రధానోపాధ్యాయుని అనుమతితో ఒక పూట వెనుక బెంచీమీద కూర్చుండుడు, చూచినది మాకు వ్రాయుడు.