ఒక్క మెతుకు చాలదు

అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటారు. డెమో ఆడేసి గేమ్ మీద తీర్పు చెప్పేవాళ్ల వాదన కూడా ఇదే. 2023 జూన్‌లో నా వాదనా ఇదే.

ఆ నెల 12న 'ఫైనల్ ఫాంటసీ 16' డెమో ప్లేస్టేషన్ 5లో వచ్చింది. పూర్తి గేమ్ 22న. డెమోలో ఉన్నది కథ మొదలు, సుమారు రెండు గంటలు. క్లైవ్ అనే రాజకుమారుడు, అతను కాపాడాల్సిన తమ్ముడు జాషువా, ఇంట్లోనే పుట్టిన కుట్ర, ఒక రాత్రి జరిగే ఘోరం. ముగించేసరికి అర్ధరాత్రి దాటింది. ఫ్రెండ్స్ గ్రూపులో "ఈ దశాబ్దపు ఫాంటసీ కథ ఇదే, కళ్లు మూసుకుని కొనేయండి" అని రాసి పడుకున్నాను. అప్పుడే ఉద్యోగంలో చేరిన మా బాబాయి కొడుకు నిజంగానే కళ్లు మూసుకుని కొన్నాడు.

కొన్ని వారాల తర్వాత ఫోన్ చేశాడు. "అన్నయ్యా, నువ్వు చెప్పింది ఈ గేమ్ గురించేనా? పెద్ద యుద్ధాలు అదిరిపోయాయి. మధ్యలో మాత్రం ఊళ్లోవాళ్లకి సామాన్లు మోసిపెడుతున్నా."

వాడి మాటలో అతిశయోక్తి ఉంది, నిజమూ ఉంది. అక్కడికెళ్లు, ఇది పట్రా అనే తరహా సైడ్ క్వెస్టులు ఆ గేమ్‌లో చాలానే ఉన్నాయని తర్వాత చాలామంది అన్నారు. డెమోలో అవి లేవు. అలాగని డెమో అబద్ధమాడలేదు. అది చూపించింది రెండు గంటలే. చూడని మిగతా గంటలకి పూచీ పడింది నేను.

నేను సాఫ్ట్‌వేర్‌లో పనిచేస్తాను. డెమో అంటే ఏంటో నాకు తెలియకపోతే ఎవరికి తెలియాలి? క్లయింట్‌కి చూపించే ముందురోజు ఏ బటన్ నొక్కాలో, పొరపాటున కూడా ఏది నొక్కకూడదో రాసిపెట్టుకుంటాం. అది మోసం కాదు, పెళ్లిచూపులకి ఇల్లు సర్దుకోవడం లాంటిది. పగలంతా ఇల్లు సర్దే నేనే, రాత్రి ఇంకొకరి సర్దిన ఇల్లు చూసి మైమరచిపోయాను.

డెమో దేనికీ పనికిరాదని కాదు. చేతులకి తెలిసేది అది నిజాయితీగా చెబుతుంది. కత్తి దూస్తే దెబ్బ తగిలినట్టుందా, అక్షరాలు కనబడుతున్నాయా, బొమ్మ తడబడుతోందా... ఇవి రెండు గంటల్లో తేలిపోతాయి. 'ఫైనల్ ఫాంటసీ 16' పోరాటాలను చూసుకున్న ర్యోటా సుజుకీ అంతకుముందు 'డెవిల్ మే క్రై 5'కి పనిచేసినవాడు. ఆ చేతివాటం డెమోలోనే తెలుస్తుంది. తెలియనిది వేరే ఉంది. రోల్ ప్లేయింగ్ గేమ్ ప్రాణం పేరుకోవడంలో ఉంటుంది. రెండో గంటలో ఊపిరి బిగబట్టించిన పోరాటం ముప్పయ్యో గంటలో, వందోసారి, ఎలా ఉంటుంది? మొదట్లో పరిచయమైన మనిషి చివర్లో చచ్చిపోతే మనకేమైనా అనిపిస్తుందా? ఏ డెమో కూడా వీటికి జవాబు చెప్పలేదు.

మరి తొలి అభిప్రాయం ఎలా ఉండాలి? 2017 సెప్టెంబర్‌లో నింటెండో స్విచ్‌లో 'ఆక్టోపాత్ ట్రావెలర్' డెమో వచ్చింది. ఆడినవాళ్లని సర్వేలో అభిప్రాయం అడిగారు. సుమారు 45,000 మంది స్పందించారు. ఆ తర్వాత చేసిన మార్పులు చూడండి: పరుగెత్తే వీలు, సన్నివేశాలను దాటేసే వీలు, చూసిన ఊరికి నేరుగా వెళ్లిపోయే వీలు. 2018 జులైలో వచ్చిన పూర్తి గేమ్‌లో ఇవన్నీ ఉన్నాయి. 'మాస్టర్‌పీస్' అన్న మాట పట్టుకుని ఎవరూ ఏదీ బాగుచేయలేరు. 'నడక నెమ్మదిగా ఉంది' అంటే చేయగలరు. మొదటిది తీర్పు, రెండోది సాక్ష్యం.

"వేల రూపాయలు పెట్టేముందు ఎవరో ఒకరు చెప్పాలి కదా" అంటారు. చెప్పాలి. ట్రైలర్ కంటే డెమో వెయ్యి రెట్లు మేలు, ప్రతి గేమ్‌కీ ఉండాలి కూడా. కానీ డబ్బు పెట్టేది అవతలివాడు కాబట్టే మనం ఎంత చూశామో ముందు చెప్పాలి. తిట్టేవాళ్లకీ ఇదే వర్తిస్తుంది. ఇరవై నిమిషాలకే "బోర్, డిలీట్ చేశా" అని రాసేవాడు, మెల్లగా విచ్చుకునే ఆటలకి నాకంటే ఎక్కువ హాని చేస్తాడు. అందరూ అతన్నే వింటే, మొదటి అరగంటలో మెరుపులన్నీ కుమ్మరించి తర్వాత చేతులెత్తేసే గేములే మిగులుతాయి.

గేములు ఆడనివాళ్లు నవ్వుకోనక్కర్లేదు. బుక్ ఫెయిర్‌లో కొన్న నవల పది పేజీలు తిప్పి, అట్ట ఫోటోతో పాటు "ఈ ఏటి ఉత్తమ నవల" అని పెట్టేవాళ్లు మనలో లేరా? ఆ పదకొండో పేజీ ఎప్పుడు చదువుతారో మరి.

ఒక్క మెతుకు చాలడానికి కారణం, ఆ గిన్నెలో అన్నీ ఒకే బియ్యం, ఒకే నీళ్లు, ఒకే మంట. భోజనం అలా కాదు. విస్తట్లో మొదట పడిన స్వీటు తిని పెరుగు పుల్లగా ఉందో లేదో చెప్పలేం.

ఇప్పుడు నేను ఏ గేమ్ గురించి ఎత్తినా మా తమ్ముడు ఒకే ప్రశ్న వేస్తాడు: "ఎన్ని గంటలు ఆడావన్నయ్యా?"

ముందు ఆ అంకె చెప్పి, తర్వాతే మొదలుపెడుతున్నాను.