పాట వెనుకనున్నవారు

1967లో అమెరికాలో ఎలెక్ట్రా సంస్థ ‘కాస్మిక్ సౌండ్స్’ అను రికార్డును వెలువరించినది. సైకడెలిక్ రాక్ అప్పుడప్పుడే తలయెత్తుచున్న కాలమది. పన్నెండు రాశులకు పన్నెండు గీతములు. చీకటిలోనే వినవలెనని అట్టపై ఆజ్ఞ కూడ! వాయించినది ‘ది జోడియాక్’ బృందమట. కాని స్టూడియో గోడల వెలుపల అట్టి బృందమే లేదు. మోర్ట్ గార్సన్ స్వరపరచగా, కొత్తగా వచ్చిన మూగ్ సింథసైజర్‌ను పాల్ బీవర్, డ్రమ్ములను హాల్ బ్లేన్, బేస్ గిటారును కరోల్ కే వాయించిరి. పూటకింత అని ప్రతిఫలము పుచ్చుకొని, మరునాడు మరొకరి పాటకు పోవువారు వీరు. వీరి వాద్యము లోకమంతయు విన్నది. పేర్లు మాత్రము చాలకాలము ఎరుగదు.

మన సినిమా పాట సంగతియు ఇంతే. మద్రాసు స్టూడియోలలో పుట్టిన గ్రామఫోను రికార్డులపై సాధారణముగా గాయకుడు, కవి, సంగీత దర్శకుడు కనిపింతురు. వయొలిన్ ఎవరిది? ఇళయరాజా జి.కె. వెంకటేశ్ వద్ద, రహమాన్ రాజ్-కోటి వద్ద వాద్యకారులుగా పనిచేసినవారే. తరువాత సంగీత దర్శకులైరి గనుక మనకు తెలిసినది. కానివారి మాటేమి?

బొగ్గు నేలపై ఈ ప్రశ్నను విడమరచి చెప్పనక్కరలేదు. రామగుండము విద్యుద్దీపముపై గోదావరిఖని కార్మికుని పేరు ఎవరు చదివినారు?

కళాశాల కమిటీ వారికి మా విన్నపమొకటి. వార్షికోత్సవ కార్యక్రమ పత్రమున గాయకులతోపాటు తబలా, హార్మోనియం, ఢోలక్ వాయించు విద్యార్థుల పేర్లును, ఖవ్వాలీలో వెనుక వరుసను చప్పట్లు చరచువారి పేర్లును అచ్చువేయింపుడు. చోటు చాలదందురా, ముఖ్య అతిథుల బిరుదులు రెండు తగ్గించిన సరిపోవును.