ఇంటిబడి ఏ గడిలో?

మా మేనమామ కొడుకు పన్నెండేళ్లు అమెరికాలో, టెక్సస్ రాష్ట్రంలో ఉద్యోగం చేసి, కిందటేడు హైదరాబాదుకు తిరిగివచ్చాడు. అతనికి తొమ్మిదేళ్ల కూతురు. ఆ పిల్ల ఇంతవరకు ఏ బడి గడపా తొక్కలేదు. తల్లీ తండ్రీ ఇంట్లోనే చదువు చెబుతున్నారు. పిల్ల చురుకైనది, ఆ వయసులో నేను చదివినదానికి పదింతలు చదివింది. అందుకు నాకు సంతోషమే. మొన్న భోజనాల దగ్గర అతను నన్నొక ప్రశ్న అడిగాడు.

"బావా, జనాభా లెక్కలు రాయడానికి వస్తారు గదా, మా అమ్మాయి బడికి పోతున్నదా అని అడిగితే ఏం చెప్పమంటావు?"

"పోవడం లేదని చెప్పు" అన్నాను.

"అట్లా చెబితే మా పిల్లను గొడ్లు కాసుకునే పిల్లలతో కలిపేస్తారు గదా!" అన్నాడు.

ఆ చివరి మాటే నాచేత ఈ వ్యాసం రాయిస్తున్నది. మా బావ దుర్మార్గుడు కాడు. ఎవరినీ కించపరచాలని ఆ మాట అనలేదు. అనాలోచితంగా అన్నాడు. అందుకే ఆ మాటను పట్టించుకోవాలి. వర్గ స్వభావం ఉపన్యాసాల్లో బయటపడదు, ఇట్లా అన్నం తింటూ అన్న మాటల్లోనే బయటపడుతుంది.

అమెరికాలో అతనికి ఈ ఇబ్బంది రాలేదు. అక్కడ పదేళ్లకొకసారి జరిగే జనాభా లెక్కల్లో, అంటే 2020 నాటి ఫారంలో, చదువు ప్రశ్నే లేదు. చదువు సంగతి అడిగేది 'అమెరికన్ కమ్యూనిటీ సర్వే' అనే మరొక ఫారం. ఏటా సుమారు 35 లక్షల చిరునామాలకు దాన్ని పంపుతారు. జవాబు చెప్పడం చట్టరీత్యా విధి. గడిచిన మూడు నెలల్లో ఈ మనిషి బడికి గాని కాలేజీకి గాని వెళ్లాడా అన్నది అందులో ప్రశ్న. జవాబులు మూడు. ఒకటి: వెళ్లలేదు. రెండు: వెళ్లాడు, ప్రభుత్వ బడి లేక ప్రభుత్వ కాలేజి. మూడు: వెళ్లాడు, ప్రైవేటు బడి, ప్రైవేటు కాలేజి, లేక ఇంటిబడి.

మా బావకు ఒకసారి ఆ ఫారం వచ్చింది. మూడో గడిలో గుర్తు పెట్టాడు. అతను అబద్ధమాడలేదు, ఫారం ఏం చెప్పమంటే అది చెప్పాడు. కాని ఆ గడిలో ఎవరెవరు చేరారో చూడండి. వేల డాలర్ల ఫీజు పుచ్చుకునే శ్రీమంతుల బడి, మత సంస్థలు నడిపే బడి, మా బావ ఇంటి భోజనాల బల్ల - మూడూ ఒక్కటే! రేపు పట్టిక అచ్చయినప్పుడు ఈ ముగ్గురు పిల్లలూ 'ప్రైవేటు' అనే ఒక్క అంకెలో కలిసిపోతారు. ఆ అంకెను చూసి ఎంతమంది పిల్లలు ఇంట్లో ఉన్నారో ఎవరూ చెప్పలేరు.

ఈ గడి ఆకాశం నుంచి ఊడిపడలేదు. టెక్సస్‌లో ఇంటిబడి కూడా ప్రైవేటు బడి కిందికే వస్తుందని 1994లో ఆ రాష్ట్ర సుప్రీం కోర్టు తీర్పు చెప్పింది. పిల్లకు ఇంట్లో చదువు చెబుతున్నామని మొదలుపెట్టేటప్పుడు అక్కడి ప్రభుత్వానికి తెలియజేయవలసిన పని కూడా లేదు. కాలిఫోర్నియాలో ఇంటిబడి పెట్టుకున్న తల్లిదండ్రులు చాలామంది ఏటా అక్టోబరులో తమదొక ప్రైవేటు బడి అని ప్రమాణపత్రం దాఖలు చేస్తారు. పిల్ల చదువు కుటుంబపు సొంత వ్యవహారం, దాంతో సమాజానికి నిమిత్తం లేదు అనే దృష్టి ఆ చట్టంలోనూ ఉన్నది, ఈ గడిలోనూ ఉన్నది.

విడిగా అడిగితే నిజం బయటికి రాదా అంటే, వస్తుంది. 2020లో మహమ్మారి కాలంలో అమెరికా సెన్సస్ బ్యూరోయే మరొక సర్వేలో ఇంటిబడి గురించి ప్రత్యేకంగా అడిగింది. బడిపిల్లలున్న కుటుంబాల్లో ఇంటిబడి పెట్టుకున్నవి ఆ వసంతకాలంలో నూటికి 5.4. బడివారే కంప్యూటరులో చెప్పే పాఠాలను ఇంటిబడిగా పొరబడకుండా ప్రశ్నను స్పష్టం చేసి, అక్టోబరు నాటికి మళ్లీ అడిగితే 11.1. నల్లజాతి కుటుంబాల్లో 3.3 నుంచి 16.1కి పెరిగింది! ఇంటిబడి అనగానే తెల్లవారి మతాభిమానమో ధనికుల ముచ్చటో అని తోసిపుచ్చేవారికి ఈ అంకె గట్టి జవాబు. బడి ఎవరిని ఎందుకు పోగొట్టుకుంటున్నదో ఆలోచించమని అది చెబుతున్నది. 'ప్రైవేటు' గడిలో ముంచేస్తే ఈ ఆలోచనకే తావుండదు.

ఇక మన ఫారం సంగతి. 2011 నాటి మన జనాభా లెక్కల్లో చదువును గురించి విడివిడి ప్రశ్నలున్నాయి. మొదటిది అక్షరాస్యత. ఏడేళ్లు నిండి, ఏ భాషలోనైనా అర్థం చేసుకుని చదవడమూ రాయడమూ వచ్చినవారందరూ అక్షరాస్యులే. అందుకు బడికి పోయి ఉండవలసిన అవసరం లేదు. తరవాతది విద్యాసంస్థకు వెళ్లడం. వెళ్లేవారికి బడి, కాలేజి, వృత్తివిద్యా సంస్థ, వికలాంగుల ప్రత్యేక సంస్థ, అక్షరాస్యతా కేంద్రం, ఇతర సంస్థ అని సంకేతాలున్నాయి. వెళ్లనివారిలో రెండే రకాలు: ఇదివరకు వెళ్లినవారు, ఎన్నడూ వెళ్లనివారు. 'ఇల్లు' అన్న మాట ఎక్కడా లేదు.

కనక మా బావ కూతురు 'అక్షరాస్యురాలు, ఎన్నడూ బడికి వెళ్లనిది' అవుతుంది. ఇందులో తప్పేమున్నది? ఇది అక్షరాలా నిజం. గొడ్లు కాసే పిల్లకు చదువు రాకపోతే మొదటి గడిలోనే ఇద్దరికీ తేడా తెలుస్తుంది. వస్తే, ఆ పిల్ల పక్కన తన కూతురు నిలబడడానికి మా బావకు ఉన్న అభ్యంతరమేమిటి?

"అది కాదు, చట్టముంది గదా" అన్నాడు. 2009 నాటి విద్యాహక్కు చట్టం పదో సెక్షను పిల్లను దగ్గరి బడిలో చేర్పించడం తల్లిదండ్రుల విధి అంటున్నది. నిజమే. అయితే చేర్పించని తల్లిదండ్రులకు ఆ చట్టం ఏ శిక్షా చెప్పలేదు. పైగా 1948 నాటి సెన్సస్ చట్టం పదిహేనో సెక్షను ప్రకారం జనాభా లెక్కల్లో మనం చెప్పిన జవాబులు ఎవరూ తనిఖీ చేయడానికి వీల్లేదు. మామూలు కోర్టు వ్యవహారాల్లో సాక్ష్యంగా చెల్లవు. ఉద్దేశపూర్వకంగా అబద్ధం చెబితేనే వెయ్యి రూపాయల దాకా జుల్మానా. అంటే చట్టం నిజం చెప్పేవాణ్ణి కాపాడుతున్నది. మా బావ భయం చట్టానికి కాదు, పొరుగుకు.

ఆఖరుకు అతను అసలు మాటన్నాడు. "తెలిసినవాళ్ల బడి ఒకటున్నది. అక్కడ పేరు రాయించి పెడతాను. పేరుంటుంది గనక 'బడి' అని చెప్పవచ్చు గదా?"

ఈ మాట నేను ఇదివరకొకసారి విన్నాను. 2011 ఫిబ్రవరిలో విన్నాను. అప్పుడు నేను ఎమ్మే చదువుతున్నాను. మా అమ్మ పల్నాట ఒక ఊరి బడిలో పంతులమ్మ. జనాభా లెక్కల పని ఆమెకు పడింది. సెలవుకు ఇంటికి వచ్చినవాణ్ణి, ఆమె వెంట ఫారాల సంచి మోసుకుని తిరిగాను. అది మిరపకోతల కాలం. ఆదోని వైపు నుంచి కుటుంబాలకు కుటుంబాలు కూలికి వచ్చి చేల గట్ల మీద గుడారాలు వేసుకుని ఉన్నాయి. లెక్కలు జరిగే ఇరవై రోజులూ సొంత ఊళ్లో లేనివారిని ఉన్నచోటనే రాసుకోవాలి. అందుకని మేము గుడారాలకు కూడా వెళ్లాం.

ఒక గుడారం ముందు పదకొండేళ్ల పిల్ల చంటివాణ్ణి చంకనేసుకుని నిలబడి ఉన్నది. మిరప ఘాటుకు వేళ్లు మండుతున్నాయి కాబోలు, చేతులు మాటిమాటికీ పరికిణీకి రాసుకుంటున్నది.

"అమ్మాయి బడికి పోతున్నదామ్మా?" అని మా అమ్మ ఆ పిల్ల తల్లిని అడిగింది.

"పోతాది మేడమ్. మా ఊరి బళ్లో పేరుండాది."

"చదవడం, రాయడం వచ్చా?"

"వస్తాది."

"ఏమైనా పనికి పోతుందా?"

"లేదు మేడమ్. తమ్ముణ్ణి ఎత్తుకుంటాది."

మా అమ్మ పిల్ల చేతులకేసి ఒకసారి చూసింది. చూసి, 'బడి' అనే సంకేతం వేసింది. పని గడిలో 'లేదు' అని రాసింది. పొద్దు వాలుతున్నది, ఇంకా పది గుడారాలున్నాయి. నేను పక్కనే ఉన్నాను. తెలుగు సాహిత్యంలో ఎమ్మే చదువుతున్నాను, శ్రమజీవుల మీద కవిత్వం కూడా రాస్తున్నాను. నోరు మెదపలేదు.

ఆ లెక్కల్లో 5 నుంచి 14 ఏళ్ల మధ్య పనిచేసే పిల్లలు దేశం మొత్తం మీద 1 కోటి 1 లక్ష అని తేలింది. ఆ కోటిలో ఈ పిల్ల లేదు. మేమే లేకుండా చేశాం.

'బళ్లో పేరుండాది' అన్న తల్లికీ, 'పేరు రాయించి పెడతాను' అన్న మా బావకూ పోలికేమిటని కొందరు నన్ను కోప్పడవచ్చు. పోలిక లేదు. ఆ తల్లి కూలి కోసం అన్నది. ఇతను పరువు కోసం అన్నాడు. ఆమె నిజం చెబితే ఎవరైనా వచ్చి కూలి చెడగొడతారేమోనని భయపడి ఉంటుంది. ఇతనికి ఏ కూలీ చెడదు. అయితే గడి మాత్రం ఒక్కటే. పేరుంటే చాలు అనే ఆచారాన్ని మా బావ వంటి చదువుకున్నవారు మర్యాదస్థం చేస్తే, దాని మాటున మాయమయ్యేది ఎవరి పిల్లలు? అతని కూతురు గడిలో లేకపోయినా ఇంట్లో ఉంటుంది, పుస్తకాల మధ్య ఉంటుంది. మిరపచేలో పిల్ల గడిలో లేకపోతే ఇక ఎక్కడా లేదు.

ఈ సంగతి మన తెలుగునేల మీదనే ఎప్పుడో తేల్చి చెప్పారు. ఆచార్య శాంతా సిన్హా, ఎం. వెంకటరంగయ్య ఫౌండేషన్ కార్యకర్తలు రంగారెడ్డి జిల్లా పల్లెల్లో పనిచేస్తూ ఒక సూత్రం పెట్టుకున్నారు: బడిలో లేని పిల్ల ఎవరైనా సరే, బాలకార్మికురాలే. ఇంట్లో తమ్ముణ్ణి ఎత్తుకోవడం కూడా పనే అని దాని అర్థం. ఆ సూత్రంతో వేలాది పిల్లల్ని బడికి తెచ్చారు. 2003లో ఆమెకు మాగ్సేసే బహుమానం వచ్చింది. "అయితే నా కూతురూ బాలకార్మికురాలేనా?" అని మా బావ నవ్వాడు. కాదు. కాదన్నది నిజమే గనకనే, దాన్ని లెక్క రుజువు చేయాలంటున్నాను. తండ్రి నోటిమాట చాలదు. ఎందుకంటే ఆ గుడారం ముందు తల్లి చెప్పిందీ నోటిమాటే.

చట్టం మరొక చిక్కు తెచ్చిపెట్టింది. 2016లో బాలకార్మిక చట్టాన్ని సవరించి, ప్రమాదం లేని కుటుంబ వృత్తిలో పిల్లలు బడివేళల తరవాత, సెలవుల్లో సాయపడవచ్చునన్నారు. ఇల్లే బడి అయినచోట బడివేళలేవి? ఇల్లే బడి, ఇల్లే కార్ఖానా అయినచోట ఏ గంట చదువు, ఏ గంట పని అని ఎవరు చూడవచ్చారు? 'ఇంట్లో చదువుకుంటున్నది' అనే జవాబును ప్రశ్నించకుండా ఒప్పుకుంటే, బీడీలు చుట్టే ఇంట్లోనూ మగ్గం గుంటలోనూ అదే జవాబు వినిపిస్తుంది.

మన శిబిరంలోనే మరొక వాదం వినబడుతున్నది. ఈ బడి గుమాస్తాలను తయారుచేసే యంత్రం, మార్కుల జైలు. దీన్నుంచి పిల్లను తప్పించడం అభ్యుదయమే గదా అంటారు. ఇవాన్ ఇల్లిచ్ 1971లో బడి లేని సమాజమే కావాలన్నాడని ఉదహరిస్తారు. చలాన్ని కూడా తెస్తారు. బడులు తనిఖీ చేసే ఉద్యోగం చేసిన చలం 'బిడ్డల శిక్షణ' రాసిన మాట నిజం. కాని ఆయన నిలదీసింది పంతుళ్లను మాత్రమే కాదు, తల్లిదండ్రులను కూడా. బడి నిరంకుశత్వం నుంచి తప్పించి ఇంటి నిరంకుశత్వానికి అప్పగించమని ఆయన చెప్పలేదు. బడి జైలు వంటిదన్న మాట నేను కాదనను. కార్పొరేట్ కాలేజీల నుంచి వాడి వడలిపోయి నా క్లాసుకు వచ్చే పిల్లల్ని ఏటా చూస్తున్నాను. అయితే జైలు గోడకు కన్నం వేసుకుని తన పిల్లను మాత్రం బయటికి తెచ్చుకోవడం విమోచనోద్యమం కాదు. తెచ్చుకుంటే తెచ్చుకోండి, కనీసం కన్నం వేశామని లెక్కలో చెప్పండి. మీవంటివారు ఎంతమంది బడిని విడిచిపోయారో అంకె వస్తే, బడిని బాగుచేయమని పోరాడేవాడికి అదొక ఆయుధమవుతుంది. మీరు దొంగపేరుతో బడిలో ఉన్నట్టు రాయించుకుంటే, 'అందరూ బడిలోనే ఉన్నారు, అంతా బాగానే ఉన్నది' అని పాలకులు చెప్పే మాటకు మీరే సాక్షులవుతారు.

2021లో జరగవలసిన లెక్కలు వాయిదా పడి, 2027 మార్చి 1 ప్రామాణిక తేదీగా 2025 జూన్‌లో ప్రకటన వెలువడింది. కుటుంబాలు తమ వివరాలు తామే నింపుకునే వీలు కూడా ఉంటుందన్నారు. అంటే చేతులకేసి చూసేందుకు పంతులమ్మ కూడా ఉండదు. కనక మనం అడగవలసింది అడగాలి. ఇంటి చదువుకు విడి సంకేతం ఉండాలి. అది 'సంస్థకు వెళ్లనివారి' కిందనే ఉండాలి, అమెరికాలో వలె ప్రైవేటు బడిలో కలపగూడదు. చదువు చెప్పేదెవరో ఒక ప్రశ్న ఉండాలి. పేరున్నదా అని కాదు, కిందటి నెలలో ఎన్నాళ్లు వెళ్లిందని అడగాలి. ఫారం మారినా మారకపోయినా, ఉపాధ్యాయ మిత్రులారా, ఫారం నింపే చేతుల్లో చాలా భాగం మీవే. 'పేరుండాది' అన్నప్పుడు అక్కడ ఆగకండి. గుడారం ముందూ ఆగకండి, అపార్ట్‌మెంటు తలుపు ముందూ ఆగకండి.

మా అమ్మ ఉద్యోగ విరమణ చేసింది. ఈ వ్యాసం చిత్తుప్రతి ఆమెకు చదివి వినిపించాను. తన సంగతి తీసెయ్యమంటుందేమో అనుకున్నాను. "ఉండనీ. ఆ పిల్ల పేరు నాకింకా గుర్తున్నదిరా" అన్నది. మా బావ మాత్రం ఏం రాయిస్తాడో ఇంకా చెప్పలేదు. చెప్పిందాకా అడుగుతూనే ఉంటాను.