మిర్చి ఏరే మనుషుల పేర్లు రాయండి

చంద్రపూర్, బల్లార్‌పూర్, రాజురా తెలుగు కుటుంబాలకు. ఖమ్మం, వరంగల్, ములుగు, భద్రాద్రి కొత్తగూడెం జిల్లాల మిర్చి రైతులకు. మహారాష్ట్ర, తెలంగాణ కార్మిక శాఖలకు



వరి కోతలు అయిపోయాక మూల్, సావలి, సిందేవాహి, గోండ్‌పిప్రి తాలూకాల్లో కూలి దొరకదు. చెరువు కింద నాలుగు ఎకరాలున్నవాళ్లకు తప్ప అక్కడ రెండో పంట లేదు. సంక్రాంతికి అటూ ఇటుగా ఊళ్లలోకి జీపులు, టాటా ఏస్‌లు, డీసీఎంలు వస్తాయి. కూలీల్ని ముఠా కట్టి తీసుకుపోయే ముకాదం ముందే అడ్వాన్స్ ఇచ్చి ఉంటాడు. గిన్నెలు, బియ్యం మూట, దుప్పట్లు, చంటిపిల్లలతో ఆడవాళ్లు ఎక్కుతారు. కొన్ని ముఠాలు బల్లార్షాలో రైలెక్కి సిర్పూర్ కాగజ్‌నగర్, కాజీపేట, డోర్నకల్ మీదుగా ఖమ్మం చేరతాయి. ఏప్రిల్ దాకా తెలంగాణ మిర్చి చేలగట్లే వాళ్ల కాపురం. గడ్చిరోలి నుంచీ, ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్, సుక్మా నుంచీ ఇలాగే వస్తారు. గోండులు, దళితులు, సెంటు భూమి లేని బీసీలు. సగానికి పైగా ఆడవాళ్లే కనిపిస్తారు ఏ ముఠాలో చూసినా.

వీళ్లలో ఎవరు ఏ ఊరి నుంచి బయల్దేరారు, ఏ రైతు చేలో దిగారు, వెంట ఎంతమంది పిల్లలున్నారు అని పేరు పేరునా రాసిన రిజిస్టరు ఇటు పంచాయతీలోనూ అటు పంచాయతీలోనూ మా కంటపడలేదు. ముకాదం జేబులో చిన్న నోటుబుక్కు ఉంటుంది. అందులోనూ అడ్వాన్స్ తీసుకున్న మగవాడి పేరే తప్ప, రోజంతా వంగి కాయ ఏరిన ఆడమనిషి పేరుండదు. ఈ కరపత్రం అడిగేది ఇదే: వచ్చే మిర్చి కోతకు బండి కదలకముందే ప్రతి మనిషి పేరూ సర్కారు రిజిస్టర్‌లో ఎక్కాలి. ఆడమనిషి పేరు ఆడమనిషిగా, పిల్ల పేరు పిల్లగా, వయసుతో సహా.

పేరు రాసినంత మాత్రాన కడుపు నిండుతుందా అని అడిగేవాళ్లుంటారు. ఒక్కసారి చేలోకి వచ్చి చూడమని వాళ్లను కోరుతున్నాం.

ఖమ్మం వైపు ఎక్కువగా వేసేది తేజ రకం. సన్నకాయ, మహా ఘాటు. కిలో తూగాలంటే ఎన్నిసార్లు చెయ్యి ఆడాలో ఏరినవాళ్లకే తెలుసు. కూలి కిలో లెక్కన కట్టేచోట ఆ సన్నకాయ నష్టం ఏరేవాళ్లదే. చేతులకు నూనె రాసుకుని, వేళ్లకు గుడ్డపేలికలు చుట్టుకుని తెల్లవారుతూనే సాళ్లలోకి దిగుతారు. పొద్దెక్కేసరికి చెమటకు పేలిక తడిసి ఘాటు చర్మంలోకి దిగుతుంది. చంటిబిడ్డ ఏడిస్తే తల్లి పరుగెత్తి ఎత్తుకోలేదు. ముందు చేతులు కడగాలి, మజ్జిగో నూనో పట్టించి రుద్దాలి. అప్పటికీ బిడ్డ కళ్ల దగ్గరికి చెయ్యి పోనివ్వడానికి భయమే. అందుకని బడికి పోవాల్సిన ఎనిమిదేళ్ల అక్క చెట్టుకింద తమ్ముణ్ణి చంకనేసుకుని కూర్చుంటుంది. ఆ పిల్ల ఊళ్లో బడి హాజరుపట్టీలో గైర్హాజరు. ఇక్కడ చేలో ఆమె పనిని పని అని ఎవరూ అనరు.

సాయంత్రం కాటా. తూకం పట్టేది ముకాదం, రాసేది ముకాదం, కిలోకింత అని తన వాటా పట్టుకునేదీ ముకాదమే. బస్తాలు మోసే మగవాడికి ఒక రేటు, ఏరే ఆడమనిషికి ఇంకో రేటు. ఒకే పనికి ఒకే కూలి అని 1976లోనే చట్టం వచ్చింది. మోత మగపని, ఏరుడు ఆడపని అని విడదీసి ఆ చట్టాన్ని పక్కన పెట్టేశారు. నలభై దాటి చూపు మందగించిన ఆడవాళ్లను ముకాదం అసలు ఎక్కించుకోడు, కాయ నెమ్మదిగా ఏరుతారని. వాళ్లు ఊళ్లోనే ముసలివాళ్లతో, బండెక్కని పిల్లలతో మూడు నెలలు గడపాలి. డబ్బున్నవాడు లేనివాణ్ణి తొక్కడం ఒక్కటే కాదిది. కూలీలలోనే ఆడదానికి మగవాడికన్నా తక్కువ, బయటిఊరివాళ్లకు స్థానికులకన్నా తక్కువ, పిల్లకు ఏమీ లేదు, ముసలమ్మకు పనే లేదు.

చట్టాలు లేక కాదు. 1979 అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం చాలా స్పష్టంగానే రాసింది. కాంట్రాక్టరుకు లైసెన్సు ఉండాలి. ప్రతి కార్మికుడికి ఫొటో అంటించిన పాస్‌బుక్కు ఇవ్వాలి. అదే పని చేసే స్థానికుడికన్నా తక్కువ కూలి ఇవ్వకూడదు. రానుపోను చార్జీలు ఇవ్వాలి. ఊరు విడిచి వచ్చినందుకు వేరే భత్యం కూడా ఇవ్వాలి. మిర్చి చేలో ఒక్క పాస్‌బుక్కు మేం చూడలేదు. ఇప్పుడు, 2025 నవంబర్ 21 నుంచి, ఆ చట్టం స్థానంలో కొత్త లేబర్ కోడ్ అమల్లోకి వచ్చింది. పాత చట్టం అయిదుగురు వలస కార్మికులుంటే వర్తించేది, కొత్తది పదిమంది ఉండాలంటోంది. ఊరు విడిచినందుకు ఇచ్చే భత్యమూ పోయింది. చిన్నరైతు ఒక్కొక్కరి చేలో పదిమంది ఉండకపోవచ్చు. కానీ ముకాదం తెచ్చే ముఠాలో పదిహేనుమందో ఇరవైమందో ఉంటారు. లెక్కపెట్టాల్సింది చేలను కాదు, ముఠాను. ఈ ఒక్క మాట రెండు రాష్ట్రాల కార్మిక శాఖలూ నిబంధనల్లో రాసుకుంటే చాలు, తప్పించుకునే దారి మూసుకుపోతుంది.

లెక్కలో లేనందుకు ఏమవుతుందో 2020లో అందరం చూశాం. మార్చి 24 రాత్రి కరోనా లాక్‌డౌన్ ప్రకటించేనాటికి మిర్చి ఇంకా చేలల్లోనే ఉంది. ఎవరెక్కడున్నారో తెలియని మనుషులకు బియ్యం ఎవరు పంపుతారు, బస్సు ఎవరు వేస్తారు? అడవిదారుల్లో నడక మొదలుపెట్టారు. ములుగు జిల్లా మిర్చి చేల నుంచి బీజాపూర్‌కు నడిచి వెళ్తూ 12 ఏళ్ల పిల్ల, మూడు రోజులు నడిచి, ఇల్లు చేరబోతుండగా ఏప్రిల్ 18న ప్రాణం విడిచింది. 14 ఏళ్లలోపు పిల్లల్ని కూలిపనిలో పెట్టకూడదన్న చట్టం అప్పటికే ఉంది. పిల్ల చేలో దిగినరోజే పేరు, వయసు రాసి ఉంటే, ఆమెను ఆ రోజే బడికి పంపించాల్సిన బాధ్యత ఒక అధికారి మెడకు చుట్టుకునేది.

పేరు రిజిస్టర్‌కెక్కితే ఏం మారుతుందో చంద్రపూర్ తెలుగువాళ్లకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. కరీంనగర్, ఆదిలాబాద్ వైపు నుంచి మన పెద్దలు ఇక్కడి బొగ్గు గనులకు వచ్చినప్పుడు వాళ్లూ ముకాదంలాంటి సర్దార్ చేతికింద ముఠా కూలీలే. 1973లో బొగ్గు గనుల్ని జాతీయం చేశాక ఫారం-బి రిజిస్టర్‌లో పేరు, పుట్టిన తేదీ, భార్యాపిల్లల పేర్లు పడ్డాయి. పీఎఫ్, సెలవు, క్వార్టరు, ప్రమాదంలో పోతే ఇంటివాళ్లకు పరిహారం, అన్నీ ఆ రిజిస్టరు చూపించి తెచ్చుకున్నవే. వలస వచ్చి, పేరు రాయించుకుని నిలదొక్కుకున్న మనం, ఇక్కడి నుంచి మన తెలుగు నేలకే వలసపోయే తల్లుల విషయంలో ఊరుకోవడం న్యాయం కాదు.

రైతన్నకూ ఒక మాట. మీ కష్టం మాకు తెలుసు. 2017 ఏప్రిల్‌లో ధర పడిపోయి ఖమ్మం యార్డు భగ్గుమంటే, గిట్టుబాటు అడిగిన రైతుల చేతులకు బేడీలు వేసి కోర్టుకు తెచ్చారు. 2025లోనూ ధర కూలింది. కౌలు, మందులు, కూలి పోగా మిగిలేదేమిటని మీరడిగితే కాదనలేం. మీ జేబులోంచి అదనంగా తీయమని మేం అనడం లేదు. పంట అమ్మినచోట మార్కెట్ కమిటీ ఫీజు వసూలవుతోంది. ఆ ఫీజులో మిర్చి మీద వచ్చేదాంట్లో ఒక వాటా ఏరేవాళ్ల నిధికి పెట్టమని రైతులూ కూలీలూ కలిసి అడగాలి. ఇది కొత్త ఆలోచనేమీ కాదు. మహారాష్ట్రలోనే చెరకు నరికేవాళ్ల కోసం గోపీనాథ్ ముండే పేరున సంక్షేమ మండలి ఉంది, వాళ్ల పిల్లలు ఊళ్లోనే ఉండి చదువుకోవడానికి సీజన్ హాస్టళ్లు నడుస్తున్నాయి. మరాఠ్వాడా చెరకు కూలీకి ఇచ్చినది విదర్భ మిర్చి కూలీకి ఎందుకు ఇవ్వరు? చంద్రపూర్ జిల్లాలో వలస ఎక్కువున్న ప్రతి తాలూకాలో జనవరి నుంచి ఏప్రిల్ వరకు అలాంటి హాస్టలు తెరవాలి. చేల దగ్గర చంటిపిల్లలకు ఆయాను పెట్టాలి. ఆరేళ్లలోపు పిల్లలు అయిదుగురుంటే ఒకామెను వాళ్లను చూసుకోవడానికి పెట్టాలని 2005 ఉపాధి హామీ చట్టమే చెప్పింది. రోడ్డు పనికి సరే అన్నది మిర్చి చేలో ఎందుకు పనికిరాదు?

పని ఎలా జరగాలంటే: బయల్దేరే ఊళ్లో గ్రామపంచాయతీ పేర్లు రాసి, మరాఠీలోనూ తెలుగులోనూ పాస్‌బుక్కు ఇవ్వాలి. ముకాదం పేరు, బండి నంబరు, ఒప్పుకున్న రేటు అందులో ఉండాలి. ఆ జాబితా దిగే మండలానికి ముందే చేరాలి. కూలి ఏరినామె ఖాతాలోనే పడాలి. ఇంట్లో మిగిలిన ముసలివాళ్ల పేర్లు కూడా అదే పేజీలో రాయాలి, ఆశా కార్యకర్త వారానికోసారైనా తలుపు తట్టడానికి.

1956 అక్టోబర్ 16న డాక్టర్ అంబేడ్కర్ చంద్రపూర్ దీక్షాభూమిలో వేలమందికి బౌద్ధ దీక్ష ఇచ్చారు. ఏటా ఆ రోజుల్లో జిల్లా నలుమూలల నుంచి జనం అక్కడికి వస్తారు. మిర్చి ముఠాలు కట్టేది ఆ తర్వాత రెండు నెలలకే. పేర్ల నమోదు అక్కడే మొదలుపెడదాం. మరాఠీ, తెలుగు రెండూ చదవను, రాయను వచ్చిన పిల్లలు మన ఇళ్లలో ఉన్నారు. మీ అబ్బాయిని, మీ అమ్మాయిని రెండు రోజులు ఆ పనికి పంపండి. డిసెంబర్‌లో మీ పక్క ఊళ్లో ముఠా కడుతున్నారని తెలిస్తే వెళ్లి పాస్‌బుక్కులు ఎక్కడని ముకాదాన్ని అడగండి. పంచాయతీకి అర్జీ పెట్టండి. ఖమ్మంలో, వరంగల్‌లో మీ చుట్టాలకు ఫోను చేసి, చేలో దిగిన ముఠా పేర్లు మండలాఫీసులో రాయించమని చెప్పండి.